పేరొద్దు, ఊరొద్దు, కాయ చెప్పు

మొన్న ప్రొద్దుటూరు మార్కెట్లో కాకరకాయలు ఏరుతూ ఏరుతూ ఉన్నట్టుండి ఏడ్చేశాను. అంగడామె నన్ను ఎగాదిగా చూసి, "ఇంగా కూర చేయకముందే ఏడుస్తాండావు, తినేటప్పుడు ఎట్లమ్మా?" అంది. దాంతో నవ్వొచ్చేసింది. ఏడుపూ నవ్వూ కలిసి ముక్కు కారుతుంటే ఆమె ఇంకో రెండు కాయలు సంచిలో వేసి, "పో తల్లీ, పో" అని పంపించింది.

ఆ వారమే మా పెద్ద డాక్టరు పోయాడు. నిండు వయసులో, నిద్రలోనే పోయాడు కాబట్టి ఇది గుండెలు బాదుకునే కథ కాదు. ఆయన పేరు రాయను. సొంతూరు కూడా రాయను. ఆయన మాకు నేర్పిన మొదటి పాఠమే అది. ఆయన గురించి రాసేటప్పుడే ఆ పాఠం తప్పితే, పైనుంచి నన్ను తిట్టడానికి ఆయనకు ఒక్క నిమిషం పట్టదు.

ఆయన్ను మొదట చూసింది పులివెందులలో. మాది తొండూరు దగ్గర పల్లె, గొర్రెలు మేపే ఇల్లు. మా ఇంట్లో డాక్టరు చదివింది నేనొక్కదాన్నే. కొత్తగా ఉద్యోగంలో చేరి, అత్యవసర చికిత్స గదిలో ఒంటరిగా డ్యూటీ చేస్తున్నాను. లారీ గుద్దినవాడు, పాము కరిచినవాడు, కొడవలి దెబ్బ తిన్నవాడు, అందరూ ఆ గదికే వచ్చేవాళ్ళు. వచ్చిన ప్రతివాణ్ణీ చూసి నాకు ముందు భయమేసేది. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు?

ఒకరోజు పొద్దున భుజాన గుడ్డసంచి, మెడకు దారంతో వేలాడే కళ్ళద్దాలు, మాసిన చెప్పులతో ఒక పెద్దాయన వచ్చి పేషెంట్లు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు.

"టచ్ ఫోనుందా పాపా?" అన్నాడు.

ఫోన్లు అమ్ముకునే ఆయన అనుకుని, "ఉంది, వద్దు" అన్నాను.

"ఉంటే వద్దంటావేంది? యాడుందో తీ."

ఆ గొంతులో ఏదో ఉంది, తీసిచ్చాను. కళ్ళద్దాలు పైకెత్తి, ఒక్క వేలితో నా ఫోన్లో ఏదో నొక్కి, నన్ను ఒక గ్రూపులో చేర్చి తిరిగిచ్చాడు. "ఈ గదిలో నువ్వొక్కదానివే ఉండావని భయపడతాండావు గదా. భయం మొగంలోనే ఉండాది. ఇంగ ఒక్కదానివి కాదులే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, యర్రగుంట్ల, అన్ని ఊర్ల డాక్టర్లూ దీంట్లో ఉండారు. తెలీకపోతే అడుగు."

ఆయన సర్జనని, ప్రభుత్వ ఉద్యోగంలో పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మూడింట్లోనూ పనిచేసి రిటైరయ్యాడని ఆయన వెళ్ళిపోయాక సిస్టరు చెప్పింది. నేను ఫోన్లమ్మేవాడనుకున్నానని తర్వాత ఎప్పుడో చెబితే, "అమ్మినా గూడా, నువ్వు కొనేదానివి కాదు. పిసినారి మొగం" అన్నాడు.

ఆయన చేసిన పని ఎంత పెద్దదో తెలియాలంటే ఆ రోజులు తెలియాలి. అప్పుడు మా వైపు డాక్టర్లకు కూడా పార్టీలుండేవి. డాక్టర్లు పెట్టుకున్నవి కావు, జనం అంటగట్టినవి. ఎప్పుడో ఒక వర్గం మనిషికి నాలుగు కుట్లు వేస్తే చాలు, ఇక ఆ డాక్టరు చచ్చేదాకా ఆ వర్గం డాక్టరే. జమ్మలమడుగులో ఒక ముస్లిం సర్జను ఉన్నాడు, వాళ్ళ నాన్న దర్జీ. కుట్లు వేయడం మాకు రక్తంలోనే ఉంది అని తన మీద తనే జోకు వేసుకునే మనిషి. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నాయకుడి డ్రైవరుకు విరిగిన కాలు సరిచేశాడు. అంతటితో అవతలివాళ్ళందరికీ "వాళ్ళ డాక్టరు" అయిపోయాడు.

అందుకని గొడవల్లో దెబ్బ తిన్నవాణ్ణి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయే అలవాటే లేదు. ఆసుపత్రి గేటు ముందునుంచే జీపు దూసుకుపోయేది, ఆగేది కాదు. తమ పార్టీ డాక్టరున్న ఊరికి పోవాల్సిందే. ఆ దారిలోనే రక్తమంతా పోయి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి పల్లెలో ఉన్నారు. డాక్టర్లం కూడా ఒకరితో ఒకరం నోరు విప్పేవాళ్ళం కాదు. మన దగ్గరున్న పేషెంటు సంగతి పక్కూరి డాక్టరుకు చెబితే అది ఎవరి చెవిన పడుతుందో, ఏ మంచం మీద ఉన్నాడో కనుక్కుని ఎవరు వస్తారో అని భయం. అది ఉత్త భయం కాదు. అలా ఆసుపత్రులకు వచ్చినవాళ్ళున్నారు.

పెద్ద డాక్టరును మాత్రం రెండు పార్టీలవాళ్ళూ అవతలి పార్టీ మనిషి అని తిట్టేవాళ్ళు. "ఇద్దరూ తిడ్తాండారంటే నేను సరింగానే ఉండా" అని మురిసిపోయేవాడు.

డాక్టర్లు మాట్లాడుకోవాలి, కానీ పేషెంటు ఎవరో ఎవరికీ తెలియకూడదు. ఈ రెంటికీ ముడి వేయడానికి ఆయన పెట్టిన పద్ధతి ఇది. కేసు గురించి అడగాలంటే ఎవరూ నేరుగా గ్రూపులో రాయకూడదు. ఆయనకు విడిగా పంపాలి. ఆయన తన నంబరు నుంచి గ్రూపులో పెడతాడు. జవాబు ఎవరైనా రాయొచ్చు. ప్రశ్నలన్నీ ఒక్క నంబరు నుంచే వస్తాయి కాబట్టి ఏ పేషెంటు ఏ ఊర్లో, ఎవరి చేతి కింద ఉన్నాడో ఆయనకు తప్ప మాకెవరికీ తెలిసేది కాదు. ఫొటోలో ముఖం ఉండకూడదు. పేరు, ఊరు, పార్టీ, మూడూ నిషిద్ధం.

పేరు లేకపోతే ఏమని పిలవాలి? మొదట నంబర్లు పెట్టాడట. ఒకరి నంబరుకు ఇంకొకరి మందు చెప్పబోయి నాలుక కరుచుకున్నారట. దాంతో కూరగాయల పేర్లు మొదలుపెట్టాడు. "నంబరు ఎవడికి గుర్తుంటాది? వంకాయకు ఆయాసం అంటే ఎవడూ మర్చిపోడు" అనేవాడు. నిజంగానే మర్చిపోలేదు. వంకాయ తేలుకుట్టు, చిక్కుడుకాయ సిమెంటు ఫ్యాక్టరీలో పైనుంచి పడ్డ కూలీ, గుమ్మడికాయ నెలలు నిండని కాన్పు. ఈరోజుకీ చెప్పగలను.

ప్రశ్నలన్నీ తన నంబరు నుంచే పోవాలి కాబట్టి ఆయన చేయి ఫోను వదిలేది కాదు. ఒకసారి ప్రొద్దుటూరులో మంగలి అంగట్లో చూశాను. సగం ముఖం నురగ, సగం గడ్డం. మంగలాయన కత్తి పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. ఈయన ఒక్క వేలితో టక్కు టక్కుమని కొడుతున్నాడు. "ఇదో రోజూ ఉండేదే మేడమ్. రెండో చెంపకు సాయంత్రం రమ్మంటాడు" అని మంగలాయన నాతో మొర పెట్టుకున్నాడు.

ఆయనకు రెండు మాటలుండేవి, గ్రూపులో అవి కనబడని రోజు లేదు. ఎవరైనా "పేషెంటుకు జ్వరం లేదు" అని పంపితే వెంటనే అడిగేవాడు: "చూసినావా, ఎవరన్నా చెప్పినారా?" సిస్టరు చెప్పింది అంటే, "పోయి చెయ్యి పెట్టి చూసిరా" అనేవాడు. మొదట్లో ఒళ్ళు మండిపోయేది. తర్వాత తర్వాత ఫోను తీసేముందే పేషెంటు దగ్గరికి నడవడం అలవాటయింది.

రెండో మాట, "తెలీదని రాయి." డాక్టరన్నవాడికి గొంతులోంచి రాని మాట అదొక్కటే గదా. దాన్ని మాచేత పలికించడానికి ఆయన గ్రూపు మొదలుపెట్టినరోజు మొట్టమొదట రాసింది తన సంగతే. ఎప్పుడో తన చేతిలో పోయిన ఒక మనిషి గురించి రాసి, కింద ఇలా పెట్టాడు: "ఈడ తప్పు నాదే. నాకు తెలీలేదు, ఎవర్నీ అడగలేదు. మీరు అడగండి." అంత పేరున్న సర్జను అది రాశాక ఇక మాకేం సిగ్గు?

కోపం కూడా తక్కువేం కాదు. ఒక పెద్ద డిగ్రీల డాక్టరు రోజూ పొద్దున్నే గ్రూపులో గులాబీ బొమ్మతో శుభోదయం పెట్టేవాడు. ఈయన కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. ఒకరోజు ఆ గులాబీ కింద, "దీనికి బీపీ ఎంత?" అని రాశాడు. మర్నాడు మళ్ళీ గులాబీ వచ్చింది. మధ్యాహ్నానికి ఆ డాక్టరు గ్రూపులో లేడు. ఆ తర్వాత మాలో ఎవరికీ శుభోదయం చెప్పే ధైర్యం రాలేదు.

గ్రూపులో మాటలు పైకి పోయి దొరకకుండా పోతున్నాయని అందరమూ తెరిచి రాసుకునే ఒక పేజీని ఇంటర్నెట్టులో పెట్టించాడు. అందులో ఆయన స్వయంగా నింపింది పురుగుమందుల డబ్బాల ఫొటోలు. మా దగ్గర శనగకో పత్తికో మందు కొట్టి చేలోనే పడిపోయిన రైతును తీసుకొస్తారు. ఏం మందప్పా అంటే, "ఎర్ర మూతది మేడమ్" అంటారు. ఎర్ర మూతవి ఎన్ని రకాలో. ఒకదానికి ఇచ్చే విరుగుడు ఇంకోదానికి పనికిరాదు. అందుకని ఈయన రాజుపాలెం నుంచి తొండూరు దాకా మందుల అంగళ్ళన్నీ తిరిగి డబ్బాలు నిలబెట్టి ఫొటోలు తీశాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుని ఒకచోట షట్టరు దించేశారట. "లోపల నన్ను పెట్టి దించినారు పాపా. మంచిదేలే, నిదానంగా అన్నీ తీసుకున్యా" అన్నాడు. ఆ పేజీలో మందులు కంపెనీ పేర్లతో ఉండవు. ఎర్ర మూత, పచ్చ డబ్బా, పామాకారం బొమ్మది, అలా రైతు చెప్పినట్టే ఉంటాయి. ఇప్పటికీ మా గదిలో కొత్తగా చేరినవాళ్ళకు ముందు చూపించేది ఆ పేజీనే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఒక ఊర్లో జెండా కట్టేకాడ మొదలైన గొడవ నాటుబాంబుల దాకా పోయింది. పొద్దున తొమ్మిదికల్లా ఒక వర్గం వాళ్ళు తమ మనిషిని నా దగ్గరికి తెచ్చారు. వాళ్ళ నాయకుడి సొంత తమ్ముడు. నాయకుణ్ణి అందరూ అన్న అనేవాళ్ళు, నేనూ ఇక్కడ అన్న అనే రాస్తాను. అన్న ఎక్కడో ప్రచారంలో ఉన్నాడు, బయల్దేరాడని చెప్పారు. గది నిండా మనుషులు, వాకిలి నిండా చెప్పులు.

బాంబులోని ఇనుప ముక్క కుడివైపు ఛాతీలో దిగింది. గాయం చిన్నదే. మాట్లాడుతూనే ఉన్నాడు, నీళ్ళడిగాడు. కట్టు కట్టి రక్తం ఆపాను. అంతలోనే మనిషికి ఊపిరి అందడం మానేసింది. పెదాలు నీలమయ్యాయి, నాడి పరిగెడుతోంది. ఎక్స్‌రే తీయిద్దామంటే ఆ గది అవతలి బిల్డింగులో ఉంది. ముఖం లేకుండా ఛాతీ ఫొటో తీసి, రెండు ముక్కలు రాసి పెద్ద డాక్టరుకు పంపాను. క్షణాల్లో గ్రూపులో ఆయన నంబరు నుంచి పడింది: "బీరకాయ. ఛాతీ గాయం, కుడి. ఊపిరాడ్డంలేదు. బిరబిరా చెప్పండి."

మొదటి జవాబు జమ్మలమడుగు సర్జనుది. మెడ నరాలు ఉబ్బాయా, కుడివైపు కదులుతోందా, స్టెతస్కోపు పెడితే అటువైపు శబ్దం ఉందా అని. చూశాను. నరాలు ఉబ్బి ఉన్నాయి. కుడివైపు కదలడంలేదు, శబ్దం లేదు. పెద్ద డాక్టరుకు పంపాను. ఆయన పెట్టాడు, కింద "చూసి చెప్తాండారు" అని కూడా చేర్చాడు. జమ్మలమడుగు నుంచి వెంటనే వచ్చింది: "ఎక్స్‌రేకు ఆగొద్దు. లోపల గాలి చేరి ఊపిరితిత్తిని నొక్కేస్తోంది. కాలర్ ఎముక కింద, పక్కటెముకల రెండో సందులో లావు సూది పెట్టు. ఇప్పుడే."

నేను సూది తీసుకునేసరికి నా చేయి ఎవరో పట్టుకున్నారు. నా భుజం మీదనుంచి ఫోనులోకి చూస్తున్న తెల్లచొక్కా మనిషి, అన్నకు కుడిభుజంలాంటివాడు. ఆ నంబరును నేను "జమ్మలమడుగు" అని దాచుకున్నాను, అది చదివాడు.

"అది వాళ్ళ డాక్టరు గదా. వాడు చెప్పిండే సూది మావానికి పొడుస్తావా? సంపమనే చెప్తాడు వాడు."

నేను ఏం చెప్పినా వినేటట్టు లేడు. పట్టు వదలడంలేదు. రెండో చేత్తో పెద్ద డాక్టరుకు ఫోను కలిపి స్పీకరు పెట్టాను. రెండు ముక్కల్లో సంగతి చెప్పాను.

"ఎవరప్పా ఆడ?" అన్నాడు ఆయన. గొంతులో తొందర లేదు. "నీ మనిషి పెదాలు యా రంగులో ఉండాయి, చూసి చెప్పు."

తెల్లచొక్కా వంగి చూశాడు. "నీలంగా ఉండాయి."

"ఇంగ కాసేపటికి నల్లగయితాయి. పాప చెయ్యి వదుల్తావా, అన్న వచ్చినాక నువ్వే జవాబు చెప్పుకుంటావా?"

చేయి వదిలాడు. సూది పెట్టాను. బుస్సుమని గాలి బయటికి వచ్చింది, గదిలో ఆ చివరనున్నవాళ్ళకు కూడా వినబడింది. బీరకాయ ఒక్కసారి ఛాతీ నిండా ఊపిరి తీసుకున్నాడు. పెదాలకు రంగు తిరిగి వచ్చింది. ఆ సంతోషం నాకు మా ఊర్లో తొలకరి వాన పడ్డట్టు ఉంది, ఇంతకంటే చెప్పలేను. తర్వాత ఛాతీకి గొట్టం వేసి సీసాకు కలిపాను. మనిషి నిద్రపోయాడు.

అన్న రావడమూ, ఫోను పెట్టగానే బయల్దేరిన పెద్ద డాక్టరు బస్సు దిగి రావడమూ ఇంచుమించు ఒకేసారి జరిగింది. అన్న తమ్ముణ్ణి చూసుకున్నాడు, తల నిమిరాడు. తెల్లచొక్కా ఆయన చెవిలో చాలాసేపు చెప్పాడు. అన్న నా వైపు తిరిగాడు.

"డాక్టరమ్మా, ఆ ఫోను ఇట్లియ్యి."

ఎందుకని అడగనక్కర్లేదు. అదే గొడవలో అవతలివాళ్ళ మనిషికి కూడా దెబ్బలు తగిలాయి. వాళ్ళు అతన్ని ఎక్కడ దాచి వైద్యం చేయిస్తున్నారో ఎవరికీ తెలియదు. డాక్టర్లంతా ఒకే ఫోనులో మాట్లాడుకుంటారని తెలిశాక అన్నకు కావలసింది ఆ ఒక్క ముక్కే. ఇస్తే, అందులో ఏ చిన్న ఆనవాలు దొరికినా, అక్కడ మంచంమీదున్న మనిషి తెల్లారేలోపు ఉండడు. ఇవ్వకపోతే నా గతేమిటో, ఆ జమ్మలమడుగు సర్జను గతేమిటో. నేను ఫోనును గుండెకు అదుముకుని నిలబడ్డాను.

పెద్ద డాక్టరు నా చేతిలోంచి ఫోను నెమ్మదిగా తీసుకుని, గ్రూపు తెరిచి, తనే అన్న చేతికిచ్చాడు. "దాచేదానికేముంది? సదువుకోప్పా. గట్టింగా సదువు, మేము గూడా వింటాం."

అన్న కళ్ళు చిట్లించి చదవడం మొదలుపెట్టాడు.

"సొరకాయకు కాలిన గాయం, కట్టు మార్చినాం... టమాటాకు మూత్రం వస్తాంది... గోరుచిక్కుడు గంజి తాగింది... బెండకాయను ఇంటికి పంపినాం..." ఆగి, వేలితో పైకి తోశాడు, కిందికి తోశాడు. "అన్నీ నీ నంబరు నుంచే ఉండాయే. ఏంది సామీ ఇది, కూరగాయల అంగడా?"

వాకిట్లో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"అంగడే. నీకు కావాల్సినోడు దీంట్లో ఉంటే ఉండొచ్చు. యా కాయో, యా ఊర్లో ఉందో కనుక్కో చూద్దాం. ఈ పాపకు గూడా తెల్దు, నువ్వు ఎంత బెదిరిచ్చినా చెప్పలేదు."

"నీకు తెలుసు గదా?"

"నాకు తెలుసు" అన్నాడు పెద్ద డాక్టరు. "చెప్పను. నన్నేం చేస్తావో చేసుకో. అయితే ఒకటి ఆలోచన చేయి. పొద్దున ఈ పాప అడిగినప్పుడు, అవతల సూది పెట్టమన్నోనికి ఈడుండేది నీ తమ్ముడని తెల్దు. ఆయన పేరడగలేదు, పార్టీ అడగలేదు. మెడ నరాలు ఉబ్బినాయా అని అడిగినాడు. అడగబట్టి నీ తమ్ముడు ఊపిరి తీసుకుంటాండాడు. నువ్విప్పుడు అవతలోని పేరడుగుతాండావు. ఈరోజు నేను చెప్తే, రేపు నీవాడు పడుకున్నప్పుడు వాళ్ళకు గూడా చెప్పల్ల గదా. చెప్పమంటావా?"

అన్న ఫోను వైపు చూశాడు, తమ్ముడి ఛాతీ లేస్తూ పడుతూ ఉండడం చూశాడు. చివరికి ఫోను తెచ్చి నా బల్లమీద పెట్టాడు. అందరినీ బయటికి పొమ్మని చేయి ఊపాడు. వాకిలి దాకా పోయి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగాడు.

"మావాడు యా కాయ సామీ?"

"బీరకాయ."

మీసాల కింద అన్న నవ్వును నేను చూడటం అదే మొదలు. "సన్నంగా పొడుగ్గా ఉంటాడులే" అనుకుంటూ వెళ్ళిపోయాడు. మూడోరోజు మా ఆసుపత్రికి గంపెడు బీరకాయలు వచ్చాయి. సిస్టర్లు వారమంతా పప్పులోకి, పచ్చడికి అవే వాడి నన్ను తిట్టిపోశారు.

అంతటితో అన్న సాధువైపోయాడని చెప్పను. పార్టీలూ పోలేదు, గొడవలూ ఒక్కరోజులో ఆగలేదు. కానీ ఎన్నికలయ్యాక ఒక మధ్యాహ్నం జమ్మలమడుగు సర్జను గ్రూపులో ఒక్క వాక్యం పెట్టాడు. కేసు కాదు, ప్రశ్న కాదు, మా నియమాలకు పూర్తిగా విరుద్ధం. "ఈరోజు అన్నవాళ్ళ జీపు మా గేటు దగ్గర ఆగింది."

ఎక్కడో దెబ్బ తిన్న తమ మనిషిని, అన్న మనుషులు దారిలో మొదట కనబడిన ఆసుపత్రికి, "వాళ్ళ డాక్టరు" దగ్గరికే తీసుకొచ్చారు. ఆ ముక్క చదివి నేను గదిలో గంతులేశాను. పేషెంట్లు చూస్తున్నారని కూడా చూడలేదు. నియమం తప్పిన ఆ వాక్యాన్ని పెద్ద డాక్టరు తీసేయిస్తాడని అందరం ఎదురుచూశాం. ఆయన తీయలేదు. కింద తానూ ఒకటి రాశాడు: "చూసినావా, ఎవరన్నా చెప్పినారా?"

"నా కండ్లతో చూసినా సార్" అని జమ్మలమడుగు నుంచి జవాబు వచ్చింది.

తర్వాత కొన్నేళ్ళకు నేను ప్రొద్దుటూరు వచ్చేశాను. అప్పటికి మా గ్రూపులో కర్నూలు, అనంతపురం డాక్టర్లు కూడా చేరారు. ఒక ఉదయం యర్రగుంట్ల స్టేషన్లో రైలు కోసం నిలబడ్డ పెద్దాయన కూలిపోయాడని ఆటోలో తెచ్చి నా ముందు దించారు. మెడలో దారం, దారానికి కళ్ళద్దాలు. చేతిలో ఫోను గట్టిగా పట్టుకునే ఉన్నాడు, వేళ్ళు ఒక్కొక్కటిగా తీయాల్సి వచ్చింది.

గుండెపోటు. బీపీ పడిపోతోంది. ఎందరికో చేశాను, కానీ ఆయన ముఖం చూస్తూ నా బుర్ర పనిచేయడం మానేసింది. తెలీదని రాయి, అని ఆయన గొంతే వినబడింది. ఎవరికి పంపాలి? పంపాల్సిన మనిషి నా ముందే పడి ఉన్నాడు. ఆ గ్రూపు పుట్టినప్పటినుంచి మొదటిసారి ప్రశ్న వేరే నంబరు నుంచి పోయింది. ఈసీజీ ఫొటో పెట్టి రాశాను: "కాకరకాయ. గుండెపోటు. బీపీ తక్కువ. నాకు చేతులాడ్డంలేదు. చెప్పండి."

ఆ పేరు నేను ఆలోచించి పెట్టింది కాదు. దానంతటదే వచ్చింది.

ఆయన నంబరు నుంచి రాని ప్రశ్న చూడగానే కాకరకాయ ఎవరో గ్రూపులో ప్రతి ఒక్కరికీ తెలిసిపోయింది. ఒక్కరు కూడా అడగలేదు. ఒక్కరు కూడా పేరు రాయలేదు. జమ్మలమడుగు సర్జను ముందు రాశాడు: "కుడివైపు కూడా ఈసీజీ తీసి చూడు. అంతదాకా నాలుక కింద మాత్ర పెట్టొద్దు." నా చేతిలో అప్పటికే ఆ మాత్ర ఉంది. పక్కన పెట్టేశాను. కుడివైపు తీసి చూస్తే దెబ్బ అటే ఉంది. మాత్ర పెట్టి ఉంటే ఉన్న బీపీ కాస్తా పోయేది. సెలైను ఎంత పోయాలో కర్నూలు చెప్పింది, గడ్డ కరిగించే ఇంజెక్షను సంగతి అనంతపురం చెప్పింది. జమ్మలమడుగు సర్జను ఫోను చేతిలో పట్టుకునే కారెక్కి నా దగ్గరికి వచ్చేశాడు. ఆ మధ్యాహ్నానికి కాకరకాయ బీపీ నిలబడింది. సాయంత్రానికి కళ్ళు తెరిచి ఫోను అడిగాడు.

కళ్ళద్దాలు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా తన కేసు తనే చదివాడు. మేమిద్దరం పరీక్ష రాసిన పిల్లల్లాగా మంచం పక్కన నిలబడ్డాం.

"ఈసీజీ ఫొటో వంకరగా తీసినావు" అన్నాడు ముందు. "కుడివైపుది జమ్మలమడుగు సాబ్ చెప్పకముందే తీసిండల్ల." తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఒక్కడు గూడా పేరు రాయలేదు" అన్నాడు. అంత గర్వం ఆ గొంతులో నేను ముందెప్పుడూ వినలేదు. మళ్ళీ వెంటనే, "అది సరే, కాకరకాయ ఏంది పాపా? మంచి కాయ ఇంగేదీ దొరకలేదా?" అని కొట్లాటకు దిగాడు.

ఆ తర్వాత ఆయన మాతో చాలా ఏళ్ళు ఉన్నాడు. ప్రశ్నలు పెట్టే పని మాత్రం నాకు అప్పగించాడు.

మొన్న ఆయన పోయినప్పుడు గ్రూపులో ఆ సంగతి ఎలా పెట్టాలో నాకు తోచలేదు. ఆయన పేరు టైపు చేశాను. చెరిపేశాను. "కాకరకాయ నిద్రలో పోయింది. నొప్పి తెలియలేదు" అని పెట్టాను. జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి, కర్నూలు నుంచి డాక్టర్లు వచ్చారు. రెండు పార్టీల మనుషులూ వచ్చి ఒకే షామియానా కింద కూర్చున్నారు. కర్ర పట్టుకుని అన్న కూడా వచ్చాడు, తమ్ముడు బీరకాయ ఆయన్ను పక్కనుండి నడిపించుకుని వచ్చాడు, ఇప్పుడు వాడికి పొట్ట కూడా వచ్చింది. అన్న శవం దగ్గర కాసేపు నిలబడి నన్ను పిలిచాడు.

"ఆయప్పది యా కాయమ్మా?"

"కాకరకాయ."

అన్న నవ్వాడు. అక్కడ నవ్వకూడదని తెలిసి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "సరింగా పెట్టినారు" అన్నాడు, ఆ తువ్వాలుతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

అంతలో నా ఫోను మోగింది. ఎవరో, ఎక్కడినుంచో నేను చెప్పను, లారీ కింద పడ్డ మనిషి గురించి అడుగుతున్నారు. షామియానా పక్కకు జరిగి, "దోసకాయ. మగమనిషి, ముప్పై ఏళ్ళు. కడుపు గట్టిగా లేదు, నొప్పి లేదు" అని పెట్టాను. మొదటి జవాబు గ్రూపులో కొత్తగా చేరిన ఒక కుర్ర డాక్టరుది. ఆ పిల్లవాడు పెద్ద డాక్టరును ఎప్పుడూ కలవలేదు.

"చూసినారా మేడమ్, ఎవరన్నా చెప్పినారా?"

అడిగిన డాక్టరుకు ఫోను చేసి, పోయి కడుపు మీద చెయ్యి పెట్టి చూడమన్నాను.